రేకు మీద అక్షరం

ఆన్‌లైన్‌లో గోడకి తగిలించే మెటల్ ప్రింట్లు వెతికితే 'లవ్' తప్పకుండా తగులుతుంది. పైన రెండక్షరాలు, కింద రెండు, 'ఓ' పక్కకి వాలి ఉంటుంది. గీసింది అమెరికా పాప్ ఆర్టిస్టు రాబర్ట్ ఇండియానా. 1965లో న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ దాన్ని క్రిస్మస్ కార్డుగా వేసింది. 1970లో ఉక్కు శిల్పం, 1973లో 8 సెంట్ల తపాలా బిళ్ళ. కాపీరైట్ గుర్తు వెయ్యకపోవడంతో అందరి సొత్తూ అయిపోయింది. నకళ్ళ మీద ఆయనకి పెద్దగా దక్కిందేమీ లేదు.

లోహం మీద రాత మనకి కొత్తా? తాళ్ళపాక వారు 16వ శతాబ్దంలో అన్నమయ్య పాటల్ని రాగిరేకుల మీద చెక్కించి తిరుమలలో దాచారు. రేకులు నిలిచాయి గానీ పాటలు శతాబ్దాలు చీకట్లో ఉండిపోయాయి. ఒకటి జనాన్ని చేరి కర్తని మరిచింది, ఇంకోటి కర్తని కాపాడి జనానికి దూరమైంది.

మా కొలకలూరుకి భట్టిప్రోలు ఎంతో దూరం లేదు. 1892లో అక్కడి స్తూపంలో బయటపడ్డ రాతి బరిణెల మీది లిపి సుమారు 2,200 ఏళ్ళ నాటిది. అంత వెనకటి చరిత్ర ఉన్న నేల మీద పుట్టి, గోడకి మాత్రం ఇంగ్లీషేనా? ఈసారి ఒక్క 'ళ' వేయించి చూడండి. కింద గీసినవాళ్ళ పేరు మాత్రం మానకండి.