మళ్ళీ దీవిగా నిలిచిన మిరమార్

వెల్లింగ్టన్ విమానాశ్రయంలో దిగినవాళ్ళకు రన్‌వేకి తూర్పున, కొండవాలు వెంట ఇళ్ళ వరసలు కనిపిస్తాయి. అదే మా మిరమార్. న్యూజిలాండ్ రాజధానిని ఆనుకుని సముద్రంలోకి చొచ్చుకుపోయిన ఈ నేలను మావోరీలు తె మోటు కైరంగి అంటారు. ఒకప్పుడిది దీవే. 15వ శతాబ్దంలో వచ్చిన పెద్ద భూకంపానికి నేల పైకి లేచింది, మధ్యలోని సముద్రపు పాయ క్రమంగా పూడిపోయింది. 1855 భూకంపం ఆ నేలను ఇంకా ఎత్తింది. ఊరి నడుమ ఉన్న పెద్ద మడుగును 1847లో కౌట్స్ క్రాఫర్డ్ అనే దొర సొరంగం తవ్వించి సముద్రంలోకి వదిలించాడు. ఇప్పుడు మేం తిరిగే చదును వీధులు ఆ మడుగు అడుగే. ఊరిని నగరంతో కలిపే సన్నని నేల మీద 1959లో విమానాశ్రయం వచ్చింది.

నేల కలిశాక, ఎలుకలకూ దారి దొరికింది. మనిషి అడుగుపెట్టే నాటికి ఈ దేశంలో నేల మీద బతికే క్షీరదాలంటే గబ్బిలాలే. పక్షులకు శత్రువు ఆకాశం నుంచి వచ్చేది, కదలకుండా కూర్చుంటే దాని కంట పడేవి కావు. వాసన పట్టి రాత్రిపూట వేటాడే జంతువుల ముందు ఆ ఉపాయం పనిచేయలేదు. ఓడల్లో ఎలుకలు వచ్చాయి. బొచ్చు కోసం ఆస్ట్రేలియా నుంచి చెట్లెక్కే పోసమ్‌లను, కుందేళ్ళను అదుపు చేయడానికి 1880ల్లో ముంగిస లాంటి స్టోట్‌లను మనుషులే తెచ్చారు. గుడ్లు, పిల్లలు వాటి నోటికి పోయాయి. అడవీ నష్టపోయింది. మొలకెత్తాల్సిన గింజల్ని ఎలుకలు కొరికేశాయి. పనసలా మొద్దు మీదే పూసే కోహెకోహె చెట్ల పూతను పోసమ్‌లు మేసేశాయి. హుయా పక్షి ఖాయంగా కనిపించింది చివరిసారి 1907లో.

నగరానికి పడమట జీలాండియా అనే 225 హెక్టార్ల లోయ చుట్టూ 1999లో కంచె కట్టారు. లోపల కాకా చిలుకలు, టీకే పక్షులు మళ్ళీ గూళ్ళు కట్టాయి. పిల్లలు ఎగిరి కంచె దాటగానే బయట మళ్ళీ ఎలుకల, స్టోట్‌ల బెడదే. అందుకే కంచె అవతలి వీధులూ పూనుకోవాల్సి వచ్చింది. మా దగ్గర పోసమ్‌లను 2006 నాటికే తొలగించారు. 2017 నుంచి ఇరుగుపొరుగువాళ్ళే చెక్కపెట్టెలు పంచడం మొదలుపెట్టారు.

ఆ పెట్టె చూడటానికి ఏమీ ఉండదు. ఒక చివర ఎలుక పట్టేంత రంధ్రం, లోపల స్ప్రింగు బోను, దాని మీద వేలెడంత పీనట్ బటర్. రంధ్రం చిన్నది కాబట్టి పక్షులు, పిల్లుల కాళ్ళు చిక్కవు. పక్కనే కంచెకు ఒక ప్లాస్టిక్ చీటీ కొడతారు. దాని మీది పళ్ళ గాట్లను చూసి వచ్చిందేమిటో అనుభవమున్నవాళ్ళు చెప్పేస్తారు. పట్టిన ప్రతి ఎలుకనూ నమోదు చేస్తారు.

ప్రాణహింస కాదా అని మన పెద్దలు అడుగుతారు. కాదనను. బోను పెట్టకపోయినా చావు ఆగదు, గూట్లోని పిల్లలకు వస్తుంది. ఈ నేలకు ఎలుకను తెచ్చింది మనుషులే గనుక, ఆ బాధ్యతా మనుషులదే.

2019లో ప్రిడేటర్ ఫ్రీ వెల్లింగ్టన్ సంస్థ ఇంటింటి అనుమతితో వీధివీధినా ఎలుకల మందు డబ్బాలు, బోనులు పెట్టింది. చివరి ఎలుకలు ఎంతకీ చిక్కలేదు. కెమెరాల్లో ఒక్కొక్కదాన్నీ వెతికారు. 2023 నవంబరులో ఎలుకలు, స్టోట్‌లు, వాటి దగ్గరి చుట్టాలైన వీజిల్‌లు ద్వీపకల్పం నుంచి పోయాయని ప్రకటించారు. ఇప్పుడు విసనకర్ర తోక పీవకవక పక్షులు పెరటి పొదల్లోనే తిరుగుతున్నాయి. ఉత్తరపు కొండల మీద వాలంటీర్లు ఇక్కడి మొక్కలే నాటుతున్నారు.

ఈ గెలుపుకి భూగోళమూ తోడ్పడింది. మూడు వైపులా సముద్రం, నాలుగో వైపు రన్‌వే. ఎలుకలకు దారైన ఆ సన్నని నేలే ఇప్పుడు మా పొలిమేర కాపలా. అయినా పడవలోనో, లారీలోనో ఒక ఎలుక రావచ్చు. ఇక్కడ కాపురానికి వచ్చే తెలుగు కుటుంబాలకు ఒక మాట. అద్దె ఇల్లయినా పెరట్లో పెట్టె కనిపిస్తే తీసేయకండి. ఎలుక కనబడితే ఆ రోజే ప్రిడేటర్ ఫ్రీ వెల్లింగ్టన్ సంస్థకు తెలియజేయండి. మా ఊరిని పెరటి తలుపులు తెరిచిన ఇళ్ళే కాపాడాయి, ఇక ముందూ అవే కాపాడాలి.