విండోను కదలకుండా నిలపడం (డెస్క్‌టాప్ స్క్రిప్టింగ్)

తెర మీద తెరుచుకున్న ప్రోగ్రామ్ విండోను టైటిల్ బార్ పట్టుకుని ఎటైనా జరపవచ్చన్నది కంప్యూటర్ వాడేవారందరికీ అలవాటైన సంగతి. అలా జరపనీయకుండా ప్రోగ్రామే అడ్డుపడే పద్ధతులూ ఇంచుమించు అంత పాతవే. పరీక్షా కేంద్రాల్లోని కంప్యూటర్లు, దుకాణాల్లో బిల్లు కొట్టే యంత్రాలు, జనం నిలబడి వాడుకునే కియోస్కులు, తెర మీద ఫలానా చోట క్లిక్ చేస్తూ పోయే ఆటోమేషన్ స్క్రిప్టులు, వీటన్నిటికీ విండో పెట్టినచోటే ఉండాల్సిన అవసరం ఏదో ఒక రూపంలో ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2017 నుంచి, తెలంగాణలో 2018 నుంచి ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్) ప్రవేశ పరీక్షను కంప్యూటర్ మీద రాస్తున్న విద్యార్థులు చూసేది అలాంటి తెరనే. ప్రశ్నపత్రం తెరంతా పరుచుకుని ఉంటుంది, పక్కకు లాగడానికి టైటిల్ బారే కనిపించదు.

విండో ఎక్కడ ఉండాలో తేల్చే అధికారం ఎవరిది? ప్రోగ్రామ్ రాసినవారిదా, ఆపరేటింగ్ సిస్టమ్‌దా, ఎదురుగా కూర్చున్న మనిషిదా? ఈ ప్రశ్నకు ఒక్కో కాలం ఒక్కో జవాబు చెప్పింది.

తొలి రోజులు

జిరాక్స్ సంస్థకు చెందిన పాలో ఆల్టో పరిశోధన కేంద్రంలో 1973లో తయారైన ఆల్టో కంప్యూటర్ మీద, స్మాల్‌టాక్ భాషలో, అలన్ కే బృందం ఒకదానిమీద ఒకటి పడే విండోలను రూపొందించింది. అదే సంస్థ 1981లో మార్కెట్లోకి తెచ్చిన స్టార్ యంత్రం మాత్రం మొదట్లో విండోలను అలా పడనిచ్చేది కాదు, సిస్టమే వాటిని పక్కపక్కన సర్దేది. మైక్రోసాఫ్ట్ 1985 నవంబరు 20న విడుదల చేసిన విండోస్ 1.0 పద్ధతీ అదే, డైలాగ్ బాక్సులు మాత్రమే మినహాయింపు. 1987 చివర్లో వచ్చిన విండోస్ 2.0తో విండోలు ఒకదానిమీద ఒకటి పడడం మొదలైంది. 1988 మార్చి 17న ఆపిల్ సంస్థ మైక్రోసాఫ్ట్ మీద వేసిన కాపీరైట్ దావాలో ఇదీ ఒక వివాదాంశమే.

1984 నాటి మాకింటాష్‌లో ఏర్పాటు మరో తీరుగా ఉండేది. టైటిల్ బార్ మీద మౌస్ నొక్కగానే ఆ సంగతి ప్రోగ్రామ్‌కు తెలిసేది. ప్రోగ్రామ్ అప్పుడు ‘డ్రాగ్‌విండో’ అనే రొటీన్‌ను పిలిస్తేనే విండో కదిలేది. ఆ ఒక్క పిలుపు రాయకపోతే టైటిల్ బార్ కళ్లెదుట ఉన్నా విండో ఉన్నచోటే ఉండేది. అంటే విండోను ఆపడానికి రాయాల్సిందేమీ లేదు, కదలనివ్వడానికే రాయాలి. జవాబు చెప్పేదాకా మరే పనీ చేయనివ్వని డైలాగ్ బాక్సులకైతే టైటిల్ బారే ఉండేది కాదు. దాంతో అడిగిన ప్రశ్నకు జవాబు ఆ బాక్సు వెనకున్న పత్రంలోనే ఉన్నా చూసే వీలుండేది కాదు. 1991లో వచ్చిన సిస్టమ్ 7లో ఆపిల్ పక్కకు జరపగలిగే డైలాగ్ బాక్సులను ప్రవేశపెట్టింది. కదలని విండో వల్ల మనిషికి కలిగే అసలు ఇబ్బంది ఏమిటో ఈ మార్పు చెబుతుంది.

డేటాబేస్ ప్రోగ్రామర్ల లోకంలో ఇదంతా ఒక్క మాటతో తేలిపోయేది. ఫాక్స్‌ప్రోలో ‘డిఫైన్ విండో’ ఆజ్ఞకు ‘ఫ్లోట్’ అని చేరిస్తే విండో కదులుతుంది, చేర్చకపోతే కదలదు. విజువల్ ఫాక్స్‌ప్రో, విజువల్ బేసిక్ 6 ఫారాలకు ‘మూవబుల్’ అనే ధర్మమే ఉండేది, అవును కాదు అని పెడితే చాలు. 1990లలో హైదరాబాదు శిక్షణ కేంద్రాల్లో ఫాక్స్‌ప్రో, విజువల్ బేసిక్ నేర్చుకుని ఉద్యోగాలకు వెళ్లిన తరానికి ఇవి బాగా తెలిసిన సంగతులు. 2002లో డాట్‌నెట్ వచ్చాక విండోస్ ఫారాల్లో ఆ ధర్మం లేకుండా పోయింది. అప్పటిదాకా ఒక్క పదంతో అయిన పనికి విండోస్ లోపలి సందేశాలను పట్టుకోవాల్సి వచ్చింది.

విండోస్ లోపల జరిగేది

టైటిల్ బార్ మీద మౌస్ నొక్కినప్పుడు విండోస్ ముందుగా ఆ విండోను ‘ఈ చోటు నీలో ఏ భాగం?’ అని అడుగుతుంది. ఇది 132వ నంబరు సందేశం, ‘ఎన్‌సీ హిట్‌టెస్ట్’. విండో 2 అని బదులిస్తే టైటిల్ బార్ అని, 1 అని బదులిస్తే లోపలి భాగం అని అర్థం. టైటిల్ బార్ అని తేలాక 274వ నంబరు ‘సిస్‌కమాండ్’ సందేశం వెళ్తుంది. అందులో ‘కదులు’ అనే ఆజ్ఞ ఉంటుంది. ఆ తర్వాత మౌస్ వదిలేదాకా విండోస్ తనదైన ఒక లూప్‌లో తిరుగుతూ విండోను జరుపుతుంది. అంతసేపూ ప్రోగ్రామ్ సొంత మెసేజ్ లూప్ ఆగిపోయి ఉంటుంది. విండోను కదలనివ్వొద్దని కొందరు ప్రోగ్రామర్లు కోరుకోవడానికి ఇదీ ఒక కారణం.

ఈ దారిలో ఎక్కడైనా అడ్డుపడవచ్చు. అయితే ఎక్కడ అడ్డుపడ్డామన్న దాన్ని బట్టి ఫలితం మారుతుంది. మొదటి ప్రశ్నకు 2 బదులు 1 అని జవాబిస్తే మౌస్‌తో లాగడం ఆగుతుంది. టైటిల్ బార్ మీద డబుల్ క్లిక్ చేసి విండోను పెద్దది చేసే వీలూ దాంతోపాటే పోతుంది. కానీ ఆల్ట్, స్పేస్ నొక్కి సిస్టమ్ మెనూలో ‘మూవ్’ ఎంచుకుని బాణం కీలతో విండోను జరపడం మాత్రం ఆగదు.

సిస్‌కమాండ్ దగ్గర ఆపితే మౌస్, కీబోర్డు రెండూ ఆగుతాయి. ఇక్కడ కొత్తవారు తరచూ పొరబడే చోటు ఒకటుంది. ‘కదులు’ ఆజ్ఞ నంబరు 61456. మెనూ ద్వారా వస్తే సరిగ్గా అదే వస్తుంది. మౌస్‌తో లాగితే మాత్రం టైటిల్ బార్‌కు గుర్తైన 2 అందులో కలిసి 61458గా వస్తుంది. చివరి నాలుగు బిట్లు విండోస్ తన సొంత వాడకానికి ఉంచుకుంది. వాటిని తీసేయకుండా 61456తో నేరుగా పోల్చిన స్క్రిప్టు కీబోర్డును ఆపి మౌస్‌ను వదిలేస్తుంది. వచ్చిన సంఖ్యను 65520తో బిట్ల వారీగా ‘అండ్’ చేశాకే పోల్చాలి.

ఇంకా తేలికైన దారి సిస్టమ్ మెనూలోంచి ‘మూవ్’ అనే పద్దునే తొలగించడం. మెనూలో ఆ పద్దు లేకపోతే టైటిల్ బార్ లాగినా విండో కదలదు. మెనూను మళ్లీ మామూలు స్థితికి తెచ్చే వీలు కూడా ఆ మెనూను చేతికిచ్చే ఫంక్షన్‌లోనే ఉంది. రెండు మూడు వరుసల్లో పని అయిపోతుంది, మిగతా టైటిల్ బార్ బటన్లకు ఏ హానీ ఉండదు. మామూలు అవసరాలకు ఇంతకంటే శుభ్రమైన పద్ధతి లేదనే చెప్పాలి.

పై పద్ధతులన్నీ ఆపేది వాడుకరి చేతిని మాత్రమే. వేరే ప్రోగ్రామ్ నేరుగా విండో స్థానాన్ని మార్చమంటే అవి పనికిరావు. దానికి చివరి కాపలా 70వ నంబరు సందేశం. స్థానం మారబోతోందని చెప్పే ఆ సందేశంలో ‘కదల్చవద్దు’ అనే ఫ్లాగ్‌ను చేర్చితే ఆ మార్పు అక్కడే ఆగిపోతుంది. దీన్నైనా గుడ్డిగా వాడకూడదు. విండోను మినిమైజ్ చేసినప్పుడు విండోస్ దాన్ని మైనస్ 32,000 అనే స్థానానికి పంపుతుంది, ఆ కదలికకు దారి వదలాలి. పైగా ఈ సందేశం పంపకుండానే విండోను జరిపే ఫ్లాగ్ ఒకటి ఇతర ప్రోగ్రాములకు అందుబాటులో ఉంది. విండోస్ మీద పూర్తి తాళం అంటూ లేదు.

స్క్రిప్టుల కాలం

జొనథన్ బెన్నెట్ రూపొందించిన ఆటోఇట్ 1999లో మొదలైంది. వేల కంప్యూటర్లలో సాఫ్ట్‌వేర్‌ను మనిషి ప్రమేయం లేకుండా ఎక్కించడం దాని తొలి లక్ష్యం. దానికి హాట్‌కీల సౌకర్యం చేర్చాలన్న ప్రతిపాదన ముందుకు సాగకపోవడంతో క్రిస్ మాలెట్ వేరుగా ఆటోహాట్‌కీ మొదలుపెట్టాడు, దాని తొలి విడుదల 2003 నవంబరు 10న వచ్చింది. 2004లో వచ్చిన ఆటోఇట్ మూడో వెర్షన్ బేసిక్‌ను పోలిన పూర్తి భాషగా మారింది. ఆటోఇట్‌లో ‘జీయూఐ రిజిస్టర్ మెసేజ్’, ఆటోహాట్‌కీలో ‘ఆన్ మెసేజ్’ ఫంక్షన్లు వచ్చాక, సీ భాష తెలిసినవారికే పరిమితమైన పై కిటుకులన్నీ సామాన్య స్క్రిప్టు రచయితల చేతికి వచ్చాయి.

అంతకుముందు ఈ పని మోటుగా సాగేది. లూప్‌లో విండో స్థానాన్ని చూస్తూ, మారితే వెనక్కి నెట్టేవారు. హెచ్‌టీఏ ఫైళ్లలో (హెచ్‌టీఎంఎల్‌తో రాసే విండోస్ ప్రోగ్రాములు) టైమర్ పెట్టి ‘మూవ్‌టూ’ పిలిచేవారూ ఉండేవారు. మనిషి ఒకవైపు లాగుతుంటే స్క్రిప్టు మరోవైపు గుంజుతూ ఉంటుంది, విండో వణుకుతుంది, ప్రాసెసర్ మీద భారం పడుతుంది. ఈ పద్ధతిని ఇప్పుడు ఎవరూ అనుసరించనక్కర్లేదు.

సొంత విండోకు సంబంధించి స్క్రిప్టులకు పూర్తి స్వేచ్ఛ ఉన్నా, పరాయి ప్రోగ్రామ్ విండో దగ్గర అది తగ్గిపోతుంది. ఆటోహాట్‌కీ ‘ఆన్ మెసేజ్’ తన ప్రాసెస్‌కు వచ్చే సందేశాలనే చూడగలదు. విండోస్ విస్టా నుంచి, తక్కువ అధికారంతో నడిచే ప్రోగ్రామ్ ఎక్కువ అధికారంతో నడిచే ప్రోగ్రామ్ విండోకు సందేశాలు పంపకుండా మైక్రోసాఫ్ట్ అడ్డుకట్ట వేసింది. ఆటోఇట్‌లోని ‘బ్లాక్ ఇన్‌పుట్’ మౌస్‌నూ కీబోర్డునూ పూర్తిగా ఆపేస్తుంది కానీ, దానికీ అడ్మినిస్ట్రేటర్ అధికారం కావాలి. కంట్రోల్, ఆల్ట్, డిలీట్ కలిపి నొక్కితే ఆ ఆంక్ష తొలగుతుంది.

పరాయి విండోను కదలనివ్వొద్దని స్క్రిప్టు రచయితలు అనుకోవడానికి మూలం చాలాసార్లు ఒక్కటే. స్క్రిప్టు తెర కొలతల ప్రకారం ఇన్ని పిక్సెళ్ల దగ్గర క్లిక్ చేయాలని రాసి ఉంటుంది. విండో కాస్త జరిగితే ఆ క్లిక్ వేరే బటన్ మీద పడుతుంది. దీనికి విండోను బిగించడం కంటే మంచి మందు ఆ భాషల్లోనే ఉంది. ఆటోఇట్‌లో మౌస్ కొలతలను విండో మూల నుంచి లెక్కించమని చెప్పవచ్చు. ‘కంట్రోల్ క్లిక్’ వాడితే మౌస్‌ను కదపకుండానే నేరుగా ఆ బటన్‌కే క్లిక్ చేరుతుంది. అప్పుడు విండో ఎక్కడున్నా ఫర్వాలేదు.

ఇతర సిస్టమ్‌లు

యూనిక్స్ లోకంలో ఎక్స్ విండో (పదకొండో రూపం 1987లో వచ్చింది) విండోల కదలికను విండో మేనేజర్ అనే వేరే ప్రోగ్రామ్‌కు అప్పగించింది. టీకే అనే టూల్‌కిట్‌తో, పైథాన్‌లో దాని రూపమైన టీకింటర్‌తో రాసిన స్క్రిప్టులు ‘ఓవర్‌రైడ్ రీడైరెక్ట్’ అని అడిగితే విండో మేనేజర్ ఆ విండో జోలికి రాదు, చట్రమూ టైటిల్ బారూ రావు. ఎక్స్‌కు ప్రత్యామ్నాయంగా 2008లో మొదలైన వేలాండ్‌లో ప్రోగ్రామ్‌కు తన విండో తెర మీద ఎక్కడుండాలో నిర్ణయించే అధికారమే లేదు. మ్యాక్‌లో 2009 నాటి 10.6 వెర్షన్ నుంచి విండోకు ‘ఈజ్ మూవబుల్’ అనే ధర్మం ఉంది.

వాడుకరులే తాళం కోరుకున్న సందర్భమూ ఉంది. టాస్క్‌బార్ పొరపాటున పక్కకు జరిగిపోకుండా 2001లో విండోస్ ఎక్స్‌పీ ‘లాక్ ద టాస్క్‌బార్’ సౌకర్యం ఇచ్చింది. దాన్ని వేయాలా తీయాలా అన్నది వాడుకరి ఇష్టం. 2021 అక్టోబరు 5న వచ్చిన విండోస్ 11 టాస్క్‌బార్‌ను తెర అడుగునే నిలిపేసి ఆ ఎంపికను తీసేసినప్పుడు నిరసనలు వెల్లువెత్తాయి. రెంటిలోనూ కదలిక ఆగడం ఒకటే, ఆపింది ఎవరన్నదే తేడా.

విండోను బిగించాలనుకునే స్క్రిప్టు రచయితలు ముందుగా ‘కంట్రోల్ క్లిక్’తో పని జరుగుతుందేమో చూడాలి. అది చాలని చోట సిస్టమ్ మెనూలోంచి ‘మూవ్’ తొలగించడం మేలు. పెద్ద మానిటర్ మీద రాసిన స్క్రిప్టును చిన్న లాప్‌టాప్‌లో నడిపినప్పుడు అడుగునున్న బటన్లు తెర కిందికి పోతే, కదలని విండోలో వాటిని అందుకునే దారి ఉండదు. కాబట్టి తాళం వేసే ముందు విండో మొత్తం ఆ తెరలో పడుతోందో లేదో స్క్రిప్టు చేతే లెక్క కట్టించాలి.