ఒకే యంత్రం – రెండు వ్యవస్థలు

గోలకొండ సుల్తానుల కాలంలో మచిలీపట్టణం రేవులో వర్తకం చేసిన విదేశీయులు అనేకులు. డచ్చివారు 17వ శతాబ్ది తొలి సంవత్సరాలలోనే వచ్చినారు. ఆంగ్లేయులు 1611లో వచ్చినారు. ఫ్రెంచివారు 1669లో వచ్చినారు. ఎవరి గిడ్డంగి వారిది, ఎవరి లెక్కలు వారివి, ఎవరి భాష వారిది. రేవు మాత్రం ఒకటే. ఆ రేవు అధికారం ఎవరి చేతిలో ఉన్నదో వారి మాటే చెల్లినది. 1750లో అది ఫ్రెంచివారి వశమైనది. 1759లో కర్నల్ ఫోర్డు కోటను పట్టుకొన్న తరువాత ఆంగ్లేయుల మాటకు అక్కడ ఎదురు లేకపోయినది. గిడ్డంగులు ఎన్ని ఉన్నను, వాకిలి ఎవరిదన్నదే అసలు ప్రశ్న.

నేడు పట్టణాలలోను పల్లెలలోను ఎన్నో ఇళ్లలో కనిపించే కంప్యూటరులో కూడ ఇటువంటి వాకిలి ఒకటి ఉన్నది. మీటలు నొక్కితే గుర్తించుట, తెరమీద అక్షరాలు చూపుట, దాచిన కాగితాలు వెదకి తెచ్చుట – ఈ పనులన్నిటిని నడిపించే పెత్తందారు ఒకడు యంత్రం లేచిన వెంటనే వచ్చి కూర్చొనవలెను. ఆ పెత్తందారుకే ఆపరేటింగ్ సిస్టమ్ అని పేరు. తెలుగులో నిర్వాహక వ్యవస్థ అంటున్నారు. మనలో చాలమందికి ఆ మాట అనగానే స్ఫురించేది విండోస్ ఒక్కటే. యంత్రంతోపాటు అదికూడ పుట్టినదనియు, అది లేకపోతే యంత్రం ఉత్త పెట్టె అనియు భావించేవారు ఉన్నారు. వాస్తవం వేరు. ఒకే యంత్రంలో రెండు వ్యవస్థలను ఉంచుకొని, లేపిన ప్రతిసారి ఏది కావలెనో ఇంటివారే ఎన్నుకొనే పద్ధతికి నలభై ఏండ్లకు పైబడిన చరిత్ర ఉన్నది. అందులో తెలుగువారికి కూడ ఒక పుట ఉన్నది.

1981 ఆగస్టు 12వ తేదీన అమెరికాలో ఐబీఎం సంస్థ తన పర్సనల్ కంప్యూటరును ప్రకటించినది. ఆనాడే అది ఒకటి కాదు, మూడు వ్యవస్థల పేర్లు చెప్పినది. మొదటిది మైక్రోసాఫ్ట్ సమకూర్చిన డాస్. రెండవది గ్యారీ కిల్డాల్ రూపొందించిన సీపీఎం యొక్క కొత్త రూపం. మూడవది కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పుట్టిన పీ-సిస్టమ్. కొనేవాడు తనకు నచ్చినది తీసుకొనవచ్చును. ఐతే డాస్ వెల 40 డాలర్లు. సీపీఎం వెల 240 డాలర్లు, పైగా అది కొన్ని నెలలు ఆలస్యంగా వచ్చినది. జనం ఎటు మొగ్గినారో వేరుగా చెప్పనక్కరలేదు. ఐనను ఒక విషయం గమనించవలెను. ఈ యంత్రం ఒక వ్యవస్థకు కట్టుబడి పుట్టలేదు. ఆ కట్టుబాటు తరువాత ఏర్పడినది.

1983 మార్చిలో ఐబీఎం వారు 10 మెగాబైట్ల హార్డ్ డిస్కు గల ఎక్స్‌టీ అనే యంత్రాన్ని తెచ్చినారు. దానితో వచ్చిన డాస్ రెండవ కూర్పులో ఒక చిన్న ఏర్పాటు చేసినారు. డిస్కు మొట్టమొదట ఉన్న 512 బైట్ల గడిలో 64 బైట్లు ప్రత్యేకించి, అందులో నాలుగు వరుసల పట్టిక వ్రాసినారు. ఒక్కొక్క వరుసకు 16 బైట్లు. డిస్కులో ఏ భాగం ఎక్కడ మొదలై ఎక్కడ ముగియునో, వాటిలో దేని నుండి యంత్రం లేవవలెనో ఆ పట్టిక చెప్పును. మన గ్రామాల అడంగలులో ఫలానా సర్వే నంబరు ఫలానా వారిది అని వ్రాసినట్లే ఇది కూడ. ఒకే డిస్కుమీద వేర్వేరు వ్యవస్థలు ఉండవచ్చునన్న ఆలోచనతోనే నాలుగు భాగాలకు చోటు ఉంచినారు. తరువాత చాల కాలం రెండు వ్యవస్థలవారు నడిచిన దారి ఈ 64 బైట్ల దారియే.

ఆ దారిని ప్రపంచానికి చాటిన పని ఫిన్లండు దేశంలో జరిగినది. 1991లో హెల్సింకి విశ్వవిద్యాలయంలో చదువుచుండిన లైనస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏండ్ల విద్యార్థి తన యంత్రంలో మినిక్స్ అనే వ్యవస్థను ఉంచుకొన్నాడు. అది ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఆచార్యుడు ఆండ్రూ టానెన్‌బామ్ విద్యార్థుల పాఠం కొరకు వ్రాసినది. లైనస్ మినిక్స్‌లో కూర్చొని తన సొంత వ్యవస్థను వ్రాసి, యంత్రాన్ని మళ్లీ లేపి దానిని పరీక్షించేవాడు. లోపం కనిపిస్తే తిరిగి మినిక్స్‌కు వచ్చి సరిదిద్దేవాడు. ఆ సంవత్సరం ఆగస్టు 25న తన ప్రయత్నాన్ని లోకానికి తెలియజేసినాడు. అదే లినక్స్. కొన్ని నెలల తరువాత ఒక ప్రమాదం జరిగినది. టెలిఫోను తీగకు పంపవలసిన ఆజ్ఞను పొరపాటున డిస్కుకు పంపగా, మినిక్స్ ఉన్న భాగం చెడిపోయినది. దానిని మళ్లీ నెలకొల్పుటయా, తన వ్యవస్థతోనే పని గడుపుకొనుటయా అని ఆలోచించి, రెండవ దానికే అతడు సిద్ధపడినాడు. రెండు వ్యవస్థల కాపురంలోని లాభం, అపాయం రెండును ఈ ఒక్క ఉదంతంలో ఉన్నవి.

1992లో లైనస్ తన లినక్స్‌ను గ్నూ లైసెన్సు క్రింద విడుదల చేసినాడు. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ప్రకటించిన గ్నూ ఉద్యమం నుండి వచ్చిన ఆ లైసెన్సు ప్రకారం, ఎవరైనను ఆ వ్యవస్థను వాడవచ్చును, చదవవచ్చును, మార్చవచ్చును, పొరుగువారికి పంచవచ్చును. ఆ రోజులలోనే వెర్నర్ ఆల్మెస్‌బెర్గర్ వ్రాసిన లిలో, తరువాత 1995లో ఎరిక్ బోలిన్ ప్రారంభించిన గ్రబ్ అనే చిన్న ప్రోగ్రాములు వచ్చినవి. యంత్రం లేవగానే తెరమీద రెండు పేర్లు చూపి, "ఏది కావలెను?" అని అడుగుటయే వీటి ముఖ్యమైన పని. వీటిని బూట్ లోడర్లు అంటారు. రేవు వాకిలి అని మేము చెప్పినది దీనినే.

ఐతే వాకిలి ఉన్నంత మాత్రాన అది అందరికి తెరచి ఉండదు. ఆపిల్ సంస్థలో పనిచేసి వచ్చిన జాన్-లూయీ గాసే స్థాపించిన బీ అనే సంస్థ బీఓఎస్ అనే వ్యవస్థను తయారుచేసినది. 1998లో జపానులో హిటాచీవారు విండోస్‌తోపాటు బీఓఎస్‌ను కూడ ఉంచి కొన్ని యంత్రాలు అమ్మినారు. కాని ఆ యంత్రాన్ని లేపినప్పుడు రెండు పేర్ల పట్టిక కనిపించేది కాదు. రెండవ వ్యవస్థ లోపల ఉన్నది. దానికి వాకిలి మాత్రం కనబడదు. తయారీదారులతో మైక్రోసాఫ్ట్ చేసుకొన్న ఒప్పందాలే ఇందుకు కారణమని ఆరోపించుచు 2002లో బీ సంస్థ న్యాయస్థానానికి ఎక్కినది. మరుసటి సంవత్సరం 2 కోట్ల 32 లక్షల 50 వేల డాలర్లకు రాజీ కుదిరినది. తాము తప్పు చేసినట్లు మైక్రోసాఫ్ట్‌వారు ఒప్పుకొనలేదు. అప్పటికే బీ సంస్థ మూతబడినది. అడుగవలసిన ప్రశ్నను తెరమీద అడుగనీయకపోతే, మంచి వ్యవస్థకు సైతం మనుగడ లేదని ఈ చరిత్ర చెప్పుచున్నది.

ఇక తెలుగు సంగతి. 1980లలో కంప్యూటరుమీద తెలుగు అక్షరం కనిపించుటయే గగనం. కాన్పూరు ఐఐటీలో మొదలై, పూనాలోని సీడాక్ సంస్థలో పెరిగిన జిస్ట్ అనే పరిజ్ఞానం ఉండేది. దాని కొరకు యంత్రం లోపల ప్రత్యేకంగా ఒక కార్డు బిగించవలసి వచ్చేది. తరువాత అచ్చుపనికి ఖతులు పెక్కు వచ్చినవి గాని ఒకదానిలో కొట్టిన తెలుగు మరొకదానిలో చదువ శక్యమయ్యేది కాదు. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగుకు 128 స్థానాలు కేటాయించినారు. అప్పటినుండి "క" అంటే ఎక్కడైనను "క"యే. ఐనను వత్తులు, గుణింతాలు సరిగా పేర్చి చూపగల నేర్పు వ్యవస్థలకు అలవడుటకు మరి కొన్ని సంవత్సరాలు పట్టినది. విండోస్‌లో ఆ నేర్పు, గౌతమి అనే తెలుగు ఖతితోపాటు, 2001 నాటి ఎక్స్‌పీతో వచ్చినది.

అక్షరం కనిపించుట వేరు, యంత్రమే తెలుగులో పలుకుట వేరు. విండోస్‌లో ఏ మాట ఏ భాషలో ఉండవలెనో నిర్ణయించేది దానిని తయారుచేసిన సంస్థ. లినక్స్‌లో ఆ పని ఎవరైనను చేయవచ్చును. తెరమీద కనిపించే ప్రతి వాక్యం ఒక జాబితాలో ఉండును. ఒక పంక్తిలో ఆంగ్లం, దాని క్రింద పంక్తి ఖాళీ. ఆ ఖాళీని నింపినవాడే అనువాదకుడు. ఇట్టి పంక్తులు వేలకు వేలు. వాటిని విద్యార్థులు, ఉద్యోగులు తీరిక వేళల కూర్చొని నింపినారు. "ఫైలు"కు దస్త్రం, "సెట్టింగ్స్"కు అమరికలు, "డిలీట్"కు తొలగించు అనే మాటలు స్థిరపడినవి. దస్త్రం కొత్తగా పుట్టించిన మాట కాదు. పారశీకం నుండి వచ్చి, కరణాల ఇళ్లలో కాగితాల కట్టలకు తరతరాలుగా వాడుకలో ఉన్న మాట. కరణాల కొలువు పోయినను వారి మాట యంత్రంలో కొలువు సంపాదించినది.

ఈ కృషిని ఒక చోట చేర్చి, హైదరాబాదు కేంద్రంగా పనిచేసిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు కార్యకర్తలు 2005లో తెలుగు లినక్స్‌ను విడుదల చేసినారు. దాని పేరు "స్వేచ్ఛ". తరువాత ఆ సంస్థయే ఆ పేరు ధరించినది. ఇంజనీరింగు కళాశాలల విద్యార్థులు పెద్ద సంఖ్యలో అందులో పాల్గొన్నారు. పిల్లల కొరకు "బాల స్వేచ్ఛ" కూడ వచ్చినది. ఇట్టి వ్యవస్థ ఒక ఇంటికి చేరవలెనంటే ఆ ఇంటివారు విండోస్‌ను పారవేయనక్కరలేదు. ఆనాటి యంత్రాలలో ఆ పాత నాలుగు వరుసల పట్టికలో ఒక ఖాళీ వరుస ఉంటే చాలేది. తెలుగు వ్యవస్థకు ఇంటిలో చోటు దొరికినది ఈ విధంగానే.

పెడనలో కలంకారీ అద్దకపు వ్యాపారం చేసే ఒక ఇల్లు అనుకొందాము. బేరసారాల లెక్కలు, పన్ను బిల్లులు విండోస్‌లో మాత్రమే నడిచే ప్రోగ్రాములో ఉన్నవి. ఆడిటరుకు ఆ రూపంలోనే పంపవలెను. పాత ఖతులతో వ్రాసిన కరపత్రాలు కూడ అందులోనే తెరుచుకొనును. అదే ఇంటి అమ్మాయి మచిలీపట్టణంలో కాలేజీకి పోయి ప్రోగ్రాములు వ్రాయుట నేర్చుకొనుచున్నది. ఆమెకు లినక్స్ కావలెను. ఇంటి పెద్దావిడకు తెలుగు తప్ప రాదు; తెరమీద తెలుగు కనిపిస్తే అచ్చుల పేర్లు, రంగుల పాళ్లు తానే ఎక్కించగలదు. రెండు యంత్రాలు కొనే స్తోమతు లేదు. ఒక యంత్రంలో రెండు వ్యవస్థలు ఈ ఇంటికి వేడుక కాదు, అవసరం.

ఇట్టి ఇంటివారికి కొన్ని హెచ్చరికలు అవసరం. మొదటిది, డిస్కును భాగాలు చేయబోవుటకు ముందు లెక్కలన్నిటిని వేరొక డిస్కులోనికి ఎక్కించుకొని, అది తెరుచుకొనుచున్నదో లేదో చూచుకొనవలెను. లైనస్ అంతటివాడికే ప్రమాదం తప్పలేదు. రెండవది, అద్దకంలో ముందు రూపురేఖల అచ్చు, తరువాత రంగుల అచ్చు అన్నట్లు ఇక్కడను ఒక వరుస ఉన్నది. ముందు విండోస్, తరువాత లినక్స్. తరువాత వచ్చిన విండోస్ వాకిలిని తన పేరనే వ్రాసుకొనే అలవాటు కలది. లినక్స్ మాత్రం రెండు పేర్లు వ్రాయును. మూడవది గడియారం. యంత్రంలోని గడియారం మన దేశకాలం చూపుచున్నదని విండోస్ తలచును. అది గ్రీనిచ్ కాలమని లినక్స్ తలచును. ఈ రెండింటికి తేడా 5 గంటల 30 నిమిషాలు. లినక్స్‌లో పని ముగించి విండోస్‌కు వస్తే, సాయంకాలం 7 గంటలకు గడియారం మధ్యాహ్నం ఒకటిన్నర చూపవచ్చును. రేడియో వార్తలతో గడియారం సరిచూచుకొనే ఇంట ఇది కలవరం కలిగించే సంగతియే. ఒక చిన్న అమరికతో ఇది కుదురును. యంత్రం చెడినదని భయపడనక్కరలేదు.

వాకిలి గొడవ నేటికిని తీరలేదు. 2012లో విండోస్ 8తోపాటు వచ్చిన యంత్రాలలో సెక్యూర్ బూట్ అనే కాపలా మొదలైనది. నమ్మకమైన సంతకం లేని వ్యవస్థను అది లేవనీయదు. దొంగ ప్రోగ్రాములను ఆపుటకు అది ఉపయోగకరమే. కాని ఆ సంతకం సాధారణంగా మైక్రోసాఫ్ట్‌ది. లినక్స్‌వారు సంతకం పొందిన ఒక చిన్న ప్రోగ్రామును ముందు నిలిపి దాని వెనుక తమ వ్యవస్థను నడిపించుచున్నారు. చాల యంత్రాలలో ఇంటివారు ఆ కాపలాను తొలగించుకొనవచ్చును కూడ.

2025 అక్టోబరు 14న విండోస్ 10కి సాధారణ సహాయం ముగిసినది. కోరినవారికి కొంత అదనపు గడువు ఇచ్చినారు. తరువాతి కూర్పు ఐన విండోస్ 11, సుమారు 2018కి ముందు తయారైన యంత్రాలలో పెక్కింటిని అంగీకరించదు. మీటలు పనిచేయుచున్నవి, తెర వెలుగుచున్నది, ఐనను యంత్రం పాతబడినదని ఎవరో నిర్ణయించినారు. అట్టి యంత్రంలో అంతకుముందే రెండవ వ్యవస్థ నిలిచి ఉన్న ఇంటికి తొందర లేదు. మొదటి వ్యవస్థను ఇంటర్నెట్టుకు దూరంగా పాత లెక్కలకు ఉంచుకొని, తక్కిన పని రెండవ దానిలో సాగించవచ్చును. యంత్రం ఇంకను కొన్ని ఏండ్లు ఆ ఇంటి కూడు గడిపించును.

విండోస్ మంచిదా, లినక్స్ మంచిదా అను వాదం పెట్టుకొనుట మా ఉద్దేశం కాదు. లెక్కలకు ఒకటి తగును, చదువుకు మరొకటి తగును. యంత్రం లేచేటప్పుడు తెరమీద రెండు పేర్లు కనిపించి, కొన్ని క్షణాలు మన మాట కొరకు ఆగుట అనేది అల్పంగా కనిపించే విషయం. ఆ కొన్ని క్షణాలలోనే యంత్రం ఎవరిదో తేలుచున్నది. యంత్రానికి వెల ఇచ్చినది ఇంటివారు. వాకిలి కూడ వారి చేతిలోనే ఉండుట న్యాయం.