హయమారకం

అమరకోశం చెప్పిన ముప్పయ్యేళ్ళలో హయమారకమనే మాట దగ్గర నేనెన్నడూ ఆగలేదు. కరవీరానికి, అనగా మన గన్నేరుకు, అది పర్యాయపదం. గుర్రాన్ని చంపేదని అర్థం చెప్పి తరువాతి మాటకు పోయేవాణ్ణి. ఇటీవల గుండె నీరసించిన నా శ్రీమతికి మంగళగిరిలో వైద్యుడు డిగాక్సిన్ మాత్ర రాసినప్పుడు ఆ మాట మళ్ళీ తలపుకు వచ్చింది.

డిగాక్సిన్‌కు పుట్టిల్లు గన్నేరు కాదు, డిజిటాలిస్ అనే ఐరోపా పూలమొక్క. ఒళ్ళు నీరుపట్టిన వారికి ఇంగ్లండులో ఒక పల్లెటూరి ముసలమ్మ ఇరవై దాకా మూలికలు కలిపి మందిచ్చేదట. అందులో పనిచేసేది ఈ ఒక్క ఆకేనని 1775లో విలియం విథరింగ్ పసిగట్టాడు. పదేళ్ళు పరిశీలించి 1785లో పుస్తకం వేశాడు. వికటించిన కేసులను కూడ దాచకుండ రాశాడు. అందుకే ఆయనంటే నాకు గౌరవం.

మన గన్నేరులోను, అమెరికా ఖండం నుంచి వచ్చి మన పెరళ్ళలో పాతుకున్న పచ్చగన్నేరులోను ఉన్నది ఆ కోవకు చెందిన పదార్థమే. పచ్చగన్నేరు నుంచి తీసిన పెరువోసైడును ఢిల్లీ వైద్యులు గుండె రోగులకిచ్చి చూసి, 1970లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఫలితాలు ప్రకటించారు. అయినా మా వైపు గన్నేరు పప్పంటే ఎవరికీ మందు స్ఫురించదు. హాజరుపట్టీలో నా చేత్తోనే ఒక బాలిక పేరు కొట్టివేసిన ఉదయం నాకింకా గుర్తున్నది.

ఒకే పదార్థం రెండు పనులెట్లా చేస్తున్నది? గుండె కణాల్లో సోడియంను బయటికి తోడే పంపు ఒకటున్నదని 1957 నుంచి తెలిసివచ్చింది. దాని ఇంధనం ఏటీపీ. భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు 1929లో హార్వర్డులో ఫిస్కేతో కలిసి ప్రకటించిన పదార్థమే అది. జర్మనీలో లోమన్ కూడ అదే ఏట కనుగొన్నాడు. మందు ఆ పంపును కొంత అడ్డగిస్తుంది. లోపల సోడియం నిలుస్తుంది, దానివెంట కాల్షియం పెరుగుతుంది, కండరం గట్టిగా ముడుచుకుంటుంది. మోతాదు కాస్త దాటితే గుండె లయ తప్పుతుంది. అందుకే అప్పుడప్పుడు రక్తపరీక్షలు.

1997లో ప్రకటించిన పరిశోధనలో, 6,800 మంది రోగుల్లో ఈ మందు ఆసుపత్రి పాలవడాన్ని తగ్గించింది గాని ఆయుష్షును పెంచలేదు. ఈ సంగతి శ్రీమతికి చెప్పలేదు.

పెరట్లోని పచ్చగన్నేరు కొట్టించుదామన్నాను. "శివుడి పూలండీ, ఉండనీయండి" అన్నది. చెట్టు ఉన్నది. రాలిన కాయలను మాత్రం మనవల చేతికి అందకముందే నేను ఏరి లోతుగా పూడ్చిపెడుతున్నాను.