తొణికే నీరు, తొణకని నీరు

భూమి కంపించినప్పుడు ట్యాంకులో నీళ్లు గోడను ఎంత బలంగా నెడతాయి? అమెరికాలో హాస్కిన్స్, జాకబ్సన్ అనే ఇద్దరు దీర్ఘచతురస్రపు తొట్టిలో నీళ్లు పోసి, కృత్రిమంగా కుదిపి, ఒత్తిడిని కొలిచారు. ఆ ఫలితాలు 1934లో అచ్చయ్యాయి.

ద్రవాల కదలికకు సమీకరణాలు అంతకుముందే ఉన్నాయి. వాటిని సాధించడమే తలనొప్పి. డ్రాయింగు బల్ల ముందు కూర్చున్న ఇంజినీరుకు పూటలో తేలే లెక్క కావాలి. కాల్‌టెక్ ప్రొఫెసర్ జార్జ్ హౌస్నర్ 1957లో ఆ దారి చూపారు. నీటిని రెండు వాటాలుగా ఊహించుకోండి. అడుగు వాటా గోడతో కలిసే కదులుతుంది. పై వాటా తన లయలో తాను ఊగుతుంది. దాన్ని స్ప్రింగులతో గోడకు కట్టిన బరువుగా లెక్కించవచ్చు. గుండ్రటి ట్యాంకులో లోతు వ్యాసార్ధమంత ఉంటే, మొదటి వాటా సగానికి కాస్త ఎక్కువ. వ్యాసం 10 మీటర్లయితే పై నీటికి ఒక ఊపు పూర్తవడానికి సుమారు 3.4 సెకన్లు పడుతుంది. నీళ్లయినా కిరోసినైనా ఆ సమయం మారదు!

1960 మే నెలలో చిలీ భూకంపాలకు ఎత్తయిన నీళ్ల ట్యాంకులు దెబ్బతిన్నాయి. హౌస్నర్ 1963లో తన పద్ధతిని వాటికి వర్తింపజేశారు. నిండుకుండ తొణకదన్న సామెత ఇక్కడా నిజమే. మూతదాకా నిండిన ట్యాంకులో నీరు ఊగదు. కానీ అప్పుడు మొత్తం బరువూ గోడతో పాటే కదులుతుంది.

ఇంత చక్కటి లెక్కలో ఒక లొసుగుంది: గోడ వంగదనుకోవడం. 1964 మార్చి 27న అలాస్కా భూకంపం దాన్ని బయటపెట్టింది. చమురు ట్యాంకుల పలచటి ఉక్కు గోడలు అడుగున చుట్టూ ఉబ్బిపోయాయి. ఇంజినీర్లు దానికి ‘ఏనుగు పాదం’ అని పేరు పెట్టారు. గోడ వంగితే నీటి దెబ్బ ఇంకా పెరగవచ్చని 1970లలో పరిశోధకుడు వెలెట్సోస్ చూపారు. ఆ తర్వాత హౌస్నరే తన శిష్యుడు హారూన్‌తో కలిసి పాత లెక్కను సవరించారు. అలా దిద్దుకోవడం నాకు మొదటి ఆలోచనకన్నా గొప్పగా అనిపిస్తుంది.

ఊగే వాటా సంగతి 2003 సెప్టెంబరు 26న జపాన్‌లో వచ్చిన భూకంపంలో తేలింది. భూకంప కేంద్రానికి 200 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న తొమకొమాయ్‌లో, నెమ్మదిగా ఊగే భూమి పెద్ద ట్యాంకుల లయతో కలిసింది. చమురు మీద తేలే పైకప్పులు దెబ్బతిన్నాయి. రెండు రోజుల తర్వాత ఒక నాఫ్తా ట్యాంకు అంటుకుంది.

మన దేశంలో 1984 నాటి ప్రమాణం ఎత్తయిన ట్యాంకును ఒకే బరువుగా లెక్కించమంది. ఊగే నీటి ఊసే లేదు. 2001 భుజ్ భూకంపంలో గుండ్రటి కాంక్రీటు గొట్టం మీద నిలబెట్టిన ట్యాంకులు కొన్ని అడుగు దగ్గర చుట్టూ పగిలాయి. తర్వాత ఐఐటీ కాన్పూర్ మార్గదర్శకాలు రూపొందించింది. రెండు వాటాల లెక్కతో భారతీయ ప్రమాణం వచ్చింది 2014లో, అంటే హౌస్నర్ చెప్పిన 57 ఏళ్లకు. మీ ఊరి ఓవర్‌హెడ్ ట్యాంకు అంతకుముందు కట్టిందయితే, ఈసారి రంగు వేయించే ముందు దాని మొదళ్లను ఒక స్ట్రక్చరల్ ఇంజినీరుకు చూపించమని పంచాయతీని అడగండి.