హ్యాష్

ఫ్రెంచిలో ‘అషే’ అంటే తరగడం. అదే ఇంగ్లిషు వంటింట్లో ‘హ్యాష్’ అయి, మాంసం, బంగాళాదుంపలు సన్నగా తరిగి కలిపి వేయించే వంటకానికి పేరైంది. ప్రోగ్రామర్లు అక్కణ్నుంచే ఎత్తుకొచ్చారు: సమాచారాన్ని తరిగి, కలగలిపి, ఒక అంకె తీయడం. 1953లో ఐబీఎంలో హాన్స్ పీటర్ లూన్ రాసిన అంతర్గత పత్రంలోనే ఈ పద్ధతి ఉంది. మాట స్థిరపడింది తర్వాతే.

జావా నేర్చుకునేవాళ్లను ఈ మాట బాగానే ఏడిపిస్తుంది. ‘గుంటూరు, 522001’ అని రెండు చిరునామా ఆబ్జెక్టులు చేసి, ‘గ్రూపింగ్‌బై’తో గుంపులు కట్టండి. ఒక్క గుంపు రావాలి కదా, రెండొస్తాయి! మనం చెప్పకపోతే జావా ఊరూ పిన్‌కోడూ చూడదు, రెండూ ఒకే ఆబ్జెక్టా కాదా అనే చూస్తుంది. సరేనని విలువలు పోల్చే ‘ఈక్వల్స్’ మాత్రం రాసి, హ్యాష్ అంకె ఇచ్చే ‘హ్యాష్‌కోడ్’ వదిలేస్తే మళ్లీ అదే కథ. ఆ గుంపులు దాచే హ్యాష్‌మ్యాప్ ముందు హ్యాష్ అంకె చూస్తుంది. అది కలవకపోతే మన ‘ఈక్వల్స్’ను పిలవనే పిలవదు.

అంకె కలిసినంత మాత్రాన విలువలు ఒకటే అనుకోకూడదు. పెద్ద ‘ఏ’ పక్కన చిన్న ‘ఏ’ రాసినా, రెండు పెద్ద ‘బీ’లు రాసినా జావా స్ట్రింగు ఇచ్చేది 2112నే. అందుకే రెండు మెథడ్లూ కావాలి. 2021లో జావా 16తో స్థిరపడిన ‘రికార్డ్’ అనే తరహా క్లాసు ఆ రెండూ తనే రాసిపెడుతుంది. నన్నడిగితే పాతికేళ్లు ఆలస్యం.