మామ ఎవరు?

సుమారు పదేళ్ళ క్రిందటి మాట. అప్పుడు మా మనవడికి మూడేళ్ళు. "ఇవాళ నిన్ను తీసికెళ్ళడానికి ఎవరొస్తారు?" అని డే కేర్‌లో టీచరు అడిగితే వాడు తడుముకోకుండా "మామ" అన్నాడట. ఆవిడ నిశ్చింతగా కూర్చుంది. సాయంత్రం అయిదున్నరకి ఆరడుగుల మనిషి, గడ్డంతో సహా, తలుపు తోసుకుని లోపలికొచ్చాడు. వాడు మా అబ్బాయి. మనవడు "మామా!" అని పరిగెత్తాడు. టీచరు మధ్యలోకొచ్చి నిలబడింది. తీసికెళ్ళేవాళ్ళ జాబితాలో తమ్ముడి పేరు ఎక్కించడం మా అమ్మాయి మర్చిపోయింది. ఫోను చేస్తే, "అతను వాడికి మామే, పంపించండి" అంది. "మామ మీరు కదా!" అంది టీచరు.

ఈ కథ ఇంటికొచ్చి చెబితే అందరం నవ్వుకున్నాం. నాకు మాత్రం నవ్వుతో పాటు కాస్త సిగ్గు కూడా వేసింది. ఎందుకో చెప్పాలంటే ఇంకో ఇరవై ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి.

1994లో అనుకుంటాను, మా ఊరి ఉగాది సభలో నేనొక ఉపన్యాసం ఇచ్చాను. వృత్తి రీత్యా ఇంజనీర్ని. భాషాశాస్త్రంలో నాకున్న అర్హత తెలుగు మాట్లాడటం ఒక్కటే. అయినా ప్రపంచ భాషలన్నిటికీ తెలుగే తల్లి అని అరగంటలో ఋజువు చేసేశాను. కొరియా వాళ్ళు నాన్నని 'అప్పా' అంటారు, మన అప్ప చూడండి. ఫిన్లండులో 'అక్క' అంటే ముసలామె, మన అక్క చూడండి. టర్కీలో తల్లి 'అన్నె', మన అన్న చూడండి. చప్పట్లు మోగిపోయాయి. పులిహోర వడ్డిస్తున్నప్పుడు ఒక కుర్రాడు, ఏదో యూనివర్సిటీలో భాషలు చదువుతున్నాడట, పక్కకొచ్చి మెల్లిగా అడిగాడు. "బాగుందండీ. కలిసిన మాటలు చెప్పారు. కలవనివి ఎన్నో లెక్క చూశారా?" నేను ఆ ప్రశ్నని మమ అనిపించేశాను.

అన్నట్టు, ఆ 'మమ' కూడా ఈ కోవలోదే. పురోహితుడు సంకల్పం అంతా చదువుతుంటే యజమాని చివర "మమ" అంటాడు. సంస్కృతంలో 'నాయొక్క' అని అర్థం. అర్థం తెలియకపోయినా అనేస్తే పనైపోతుంది కనక, పైపైన కానిచ్చే ప్రతి పనికీ తెలుగులో ఆ మాట అతుక్కుంది. మామకీ దీనికీ ఏ సంబంధమూ లేదు.

డే కేర్ సంగతి జరిగాక పాత తప్పుని దిద్దుకుందామన్న ఉద్దేశంతో 'మామ' వెంట పడ్డాను. మన భాషలోనే ఈ రెండక్షరాలు ఎంతమందిని మోస్తున్నాయో చూడండి. అమ్మకి అన్నదమ్ముడు మామ. మేనత్త మొగుడు మామ. పెళ్ళయ్యాక మొగుడి తండ్రి, పెళ్ళాం తండ్రి మామలు. పల్లెల్లో మొగుణ్ణే 'మామా' అని పిలిచే ఆడవాళ్ళున్నారు. హైదరాబాదు కుర్రాళ్ళకి స్నేహితుడు మామ. ఆకాశంలో చంద్రుడు సరేసరి. పాలసముద్రంలో లక్ష్మీదేవితో పాటు పుట్టాడు, ఆవిడ మనకి అమ్మ, కాబట్టి ఆయన మామ అని పెద్దలు చెప్పేవారు.

పొలిమేర దాటితే సంగతి మారిపోతుంది. ఇంగ్లీషులో, స్వాహిలీలో, రష్యన్‌లో, పెరూ కొండల కెచువాలో మామ అంటే తల్లి. కాకసస్ పర్వతాల దగ్గర జార్జియా దేశంలో మామ అంటే తండ్రి! తల్లిని 'దెద' అంటారు. ఆస్ట్రేలియా నడిమధ్య ఎడారిలో పిచన్‌చజార అనే ఆదివాసి భాషలో కూడా మామ అంటే తండ్రే. లాటిన్‌లో రొమ్ము. 1758లో లినేయస్ పాలిచ్చే జంతువులన్నిటికీ పెట్టిన 'మమేలియా' అన్న పేరు అక్కణ్ణించి వచ్చిందే. హవాయిలో నమలడం. జపాను తల్లులు పసివాళ్ళ అన్నాన్ని 'మమ్మ' అంటారు. మా ఇంట్లో మేం 'మమ్మం' అనేవాళ్ళం. 1994లో ఈ సంగతి తెలిసుంటే జపాను కూడా మనదే అనేసి ఉండేవాణ్ణి.

దీనికి కారణం రోమన్ యాకబ్‌సన్ చెప్పాడు. రష్యాలో పుట్టి, యుద్ధకాలంలో అమెరికా చేరి, హార్వర్డులో, ఎం.ఐ.టి.లో పాఠాలు చెప్పిన భాషావేత్త. 1960లో అచ్చయిన ఆయన వ్యాసం పేరే 'మామ, పాప ఎందుకు?' అని. పాలు తాగుతున్న బిడ్డ నోరు మూసుకునే ఉంటుంది. అప్పుడు చెయ్యగలిగిన చప్పుడు ముక్కులోంచి వచ్చే మూలుగొక్కటే. ఆకలేసినప్పుడూ అదే మూలుగు, పెదాలు విడివడితే 'మ'. బిడ్డ ఎవరినీ పిలవటం లేదు. పక్కనున్న పెద్దవాళ్ళు మాత్రం "నన్నే పిలిచాడు" అని మురిసిపోయి ఆ చప్పుడుకి ఒక అర్థం అంటగడతారు. తల్లి అందుకుంటే తల్లి, తండ్రి అందుకుంటే తండ్రి, అన్నం గిన్నె అందుకుంటే అన్నం. మన దగ్గర 'అమ్మ'ని తల్లి తీసేసుకుంది, 'మామ' ఆవిడ పుట్టింటికి వెళ్ళింది.

యాకబ్‌సన్ ఊహ గాలిలోంచి పుట్టింది కాదు. జార్జ్ మర్డాక్ అనే మానవశాస్త్రజ్ఞుడు ప్రపంచం నలుమూలల నించీ తల్లిని పిలిచే మాటలు 531, తండ్రిని పిలిచేవి 541 పోగుచేశాడు. తల్లి మాటల్లో 55 శాతం మ, న వంటి అనునాసికాలతో ఉంటే తండ్రి మాటల్లో 15 శాతమే అలా ఉన్నాయి. మన 'నాన్న' ఆ 15 శాతం వైపు మనిషి. అంటే నా ఉపన్యాసంలోని అప్ప, అక్క, అన్న అన్నీ ఉయ్యాలలో పుట్టిన మాటలు. అవి ఏ భాషకీ చుట్టరికం ఋజువు చెయ్యలేవు.

ఉయ్యాల మాటలు కాకపోయినా శుద్ధ కాకతాళీయంగా కలిసేవి ఉంటాయి. ఆస్ట్రేలియాలో అంబబరం అనే భాష చివరి తరం వాళ్ళని వెతుక్కుంటూ వెళ్ళిన డిక్సన్ అనే పండితుడు కుక్కని ఏమంటారని అడిగితే, ఆ ముసలాయన 'డాగ్' అన్నాడు. ఇంగ్లీషు నించి వచ్చింది కాదు. చుట్టుపక్కల భాషల్లోని 'గుడగ' అన్న మాటే ఆ భాష ధ్వనిమార్పుల ప్రకారం అరిగి అరిగి 'డాగ్' అయింది.

మరి చుట్టరికం ఎలా తేలుతుంది? ఒక్క మాట కలవడం కాదు, తేడా వరసగా కలవాలి. కన్నడంలో కివి, మనకి చెవి. వాళ్ళకి కెరె, మనకి చెరువు. వాళ్ళకి కై, మనకి చేయి. వాళ్ళ 'క' ఉన్నచోట మనకి 'చ', మాట తరవాత మాటలో. 1816లో మద్రాసులో కాంప్‌బెల్ తెలుగు వ్యాకరణం అచ్చువేసినప్పుడు దానికి ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ రాసిన పీఠికలో మన ధాతువులని తమిళ కన్నడ ధాతువుల పక్కన పట్టికలుగా పేర్చి, తెలుగు సంస్కృతం నించి పుట్టలేదని చూపించాడు. కాల్డ్వెల్ పుస్తకం రావడానికి అది నలభై ఏళ్ళ ముందు.

ఇంతవరకూ శబ్దం సంగతి. అసలు కథ అర్థంలో ఉంది. అది నడిచింది ఈ అమెరికాలోనే, న్యూయార్కు రాష్ట్రం రాచెస్టర్‌లో. (మన తెలుగువాళ్ళు గుట్టలుగా ఉన్న మిషిగన్ రాచెస్టర్ హిల్స్ కాదు.)

లూయిస్ హెన్రీ మోర్గన్ ఆ ఊళ్ళో వకీలు. ఈలీ పార్కర్ అనే సెనెకా యువకుడితో స్నేహం కలిసి, ఆ తెగ ఆచారాలన్నీ రాసిపెట్టి, 1851లో ఇరొక్వా జాతుల మీద పుస్తకం వేశాడు. సెనెకా వాళ్ళ వరసలు అతన్ని ఆశ్చర్యపరిచాయి. తండ్రి అన్నదమ్ముల్ని కూడా వాళ్ళు తండ్రి అనే అంటారు. తల్లి అన్నదమ్ములకి మాత్రం వేరే మాట. రెండువైపుల వాళ్ళనీ కలిపి 'అంకుల్' అనే ఇంగ్లీషువాడికి ఇది వింత. మనకేమీ వింత కాదు. పెదనాన్నలోనూ చిన్నాన్నలోనూ నాన్న ఉన్నాడు, మామయ్యలో లేడు.

1858లో మా మిషిగన్‌లోనే, మార్క్వెట్‌లో, ఓజిబ్వే వాళ్ళ దగ్గర కూడా ఇదే పద్ధతి కనిపించింది మోర్గన్‌కి. భాష వేరు, వరసలు ఒకటి. ఆ తరవాత ప్రపంచమంతా ప్రశ్నపత్రాలు పంపాడు. ఆర్కాటు ప్రాంతంలో పనిచేసిన స్కడర్ల కుటుంబపు అమెరికన్ పాద్రీల ద్వారా తమిళం వరసలు అందాయి. అవి సెనెకా వరసలతో అచ్చుగుద్దినట్టు సరిపోయాయి. 1871లో స్మిత్‌సోనియన్ వాళ్ళు వేసిన ఆయన మహాగ్రంథంలో తమిళం, తెలుగు, కన్నడం వరసల పట్టికలున్నాయి. మన మామ, బావ, మేనల్లుడు అమెరికాలో అచ్చెక్కి నూటయాభై ఏళ్ళు దాటిందన్నమాట, మనం రాకముందే.

ఆ పుస్తకం వెనక ఒక దుఃఖం ఉంది. 1862లో ఈ వరసల సేకరణ కోసమే మోర్గన్ మిస్సోరీ నది ఎగువకి వెళ్ళాడు. తిరిగొస్తుంటే దారిలో వార్త అందింది. ఇద్దరు కూతుళ్ళూ స్కార్లెట్ జ్వరంతో పోయారు. ఇంకో విషయం. మోర్గన్ భార్య మేరీ స్టీల్ ఆయనకి స్వయానా మేనమామ కూతురు. మనం మేనరికం అంటాం. ఆయన భాషలో ఆ సంబంధానికి పేరే లేదు.

మోర్గన్ ఏం తేల్చాడు? అమెరికా ఆదివాసులు ఆసియా నించి వచ్చారని, దానికి తమిళ తెలుగు వరసలే సాక్ష్యమని. మాటలు మోసం చేస్తాయి, వరసలు చెయ్యవని ఆయన నమ్మకం. వాళ్ళ పూర్వీకులు ఆసియా నించి వచ్చినమాట ఇవాళ శాస్త్రం కూడా ఒప్పుకుంటుంది. కాని వేల ఏళ్ళ క్రితం, ఈశాన్య కొస నించి, మన ఊళ్ళ నించి కాదు. నా ఉగాది ఉపన్యాసానికి ఇది పెద్దన్న లాంటి పొరపాటు.

1964లో ఇరొక్వా భాషల పండితుడు ఫ్లాయిడ్ లౌన్స్‌బరీ చూపించాడు, ఆ రెండు పద్ధతులూ దగ్గర చుట్టాల దాకే కలుస్తాయని. కొంచెం దూరం వెళ్ళి చూడండి. నాన్నకి బావ అయినవాడు మనకేమవుతాడు? మామయ్య. అమ్మకి బావ అయినవాడు? నాన్న వరస, అంటే పెదనాన్నో బాబాయో. ఎందుకంటే బావ అనేవాడు మేనరికం కుదిరితే మొగుడు కావలసినవాడు. సెనెకా వాళ్ళకి ఈ లెక్క లేదు. నాన్న కజిన్లందరూ నాన్నలే, అమ్మ కజిన్లందరూ మామలే. మేనరికమూ లేదు. పైకి ఒకేలా ఉన్న రెండిళ్ళు, లోపల గదులు వేరు. మా పక్కూరు ఆన్ ఆర్బర్‌లో చాలా ఏళ్ళు చరిత్ర చెప్పిన ట్రౌట్‌మన్ గారి పుస్తకాల్లో ఈ భాగం నేను మూడుసార్లు చదివాను, కాగితం మీద మా ఇంటి వంశవృక్షం గీసుకుని.

అలా గీయడానికి నాకో కారణం ఉంది. 2001లో మా చెల్లెలు ఇండియా నించి ఫోను చేసింది. "అన్నయ్యా, పిల్ల చదువైపోయింది. నీ మనసులో ఏముంది?" అంది. పిల్ల పుట్టినప్పుడే మా అమ్మ అనేసిన మాట అది, ఇది నా మనవడి పెళ్ళాం అని. నేను నీళ్ళు నమిలాను. ఇక్కడ పెరిగిన మా అబ్బాయికి ఆ అమ్మాయి 'కజిన్'. కజిన్ అంటే వాడికి చెల్లెలే. పైగా మా మిషిగన్ చట్టం ప్రకారం అలాంటి పెళ్ళి ఇక్కడ కుదరదు కూడా. చట్టం సంగతే చెప్పాను, మిగతాది చెప్పలేదు. చెల్లెలు కొంచెంసేపు మాట్లాడకుండా ఉండి, "సరే, ఒంట్లో జాగ్రత్త" అని పెట్టేసింది. మరుసటి ఏడు ఆ పిల్లకి ఒహాయోలో ఉన్న సంబంధం కుదిరింది. పెళ్ళికి వెళ్ళాను. మేనమామ చెయ్యవలసినవన్నీ చేశాను. పెళ్ళికూతుర్ని బుట్టలో మోసుకొచ్చింది కూడా నేనే.

డే కేర్ గొడవ జరిగిన ఏడు థాంక్స్‌గివింగ్‌కి అందరూ మా ఇంటికొచ్చారు. చెల్లెలు కూడా కూతురి దగ్గరకి వచ్చి ఉంది. ఆ కూతురి కొడుక్కి అప్పుడు ఏడేళ్ళు. వాడూ మా మనవడూ కలిసి మా అబ్బాయి మీదకెక్కి "మామా, మామా" అని అరుస్తున్నారు.

చెల్లెలు అరిసెల పళ్ళెం పట్టుకుని గుమ్మంలో ఆగింది. "మామ కాదురా," అంది మనవడితో, "అమ్మకి బావ. నీకు పెదనాన్న అవుతాడు."

వాడు వాళ్ళమ్మ వైపు చూశాడు. మా మేనకోడలు నవ్వేసి, "అమ్మా, వాడు నాకు అన్నయ్య లాంటివాడు. మామ అనే అననీ," అంది.

సెనెకా లెక్కన ఆ పిల్లవాడు సరిగ్గానే పిలిచాడు. ఆ మాట చెల్లెలికి చెప్పాలనిపించింది గాని చెప్పలేదు. ఆవిడ పళ్ళెం బల్ల మీద పెట్టి, పిల్లలిద్దరికీ చెరో అరిసె ఇచ్చి, మూడోది మా అబ్బాయి చేతిలో పెట్టింది. "నువ్వూ తిను, అల్లుడూ" అంది.